నీళ్లతో పొత్తు కుదిరే లోహం: సోలార్ హీట్ పైపులతో నా అనుభవం

అనంతపురంలో మాకు ఏసీ, ఫ్రిజ్ రిపేరు షాపు ఉంది. ఎండాకాలం అన్నం తినడానికి కూడా తీరిక ఉండదు, చలికాలం పని పలచబడుతుంది. ఆ ఖాళీలో నెత్తిన వేసుకున్న ఒక పని గురించి రాస్తున్నాను. సోలార్ వాటర్ హీటర్‌లో ఉండే హీట్ పైపు పాడైతే, దాన్ని మన ఊళ్లోనే తయారు చేసుకోవాలంటే ఏ లోహం వాడాలి, ఏది వాడకూడదు అన్నది విషయం. మన వైపు ఏ మిద్దె చూసినా సోలార్ హీటర్ కనిపిస్తుంది. అయినా ఈ సంగతి అడిగితే ప్లంబర్లు, మెకానిక్‌లు తలా ఒక మాట చెబుతారు. అందుకే కాస్త వివరంగా రాయాలనిపించింది.

మా చిన్నాయన జేఎన్‌టీయూ వైపు పిల్లల హాస్టల్ నడుపుతాడు. మిద్దె మీద గాజు గొట్టాల సోలార్ హీటర్ ఉంది. మామూలుగా మనకు ఎక్కువగా కనిపించేది నీళ్లు నేరుగా గాజు గొట్టాల్లోకి దిగే రకం. ఆయనది అది కాదు. ఒక్కో గాజు గొట్టంలో సన్నటి రాగి పైపు, దాని పైకొసన లావుపాటి తల, ఆ తల పైన అడ్డంగా ఉండే నీళ్ల గొట్టంలో, అంటే హెడర్‌లో, దూరి ఉంటుంది. ఈ రాగి పైపునే హీట్ పైపు అంటారు. బోరు నీళ్లు హెడర్‌లోనే తిరుగుతాయి, గాజు గొట్టంలోకి రావు. గొట్టం పగిలినా నీళ్లు కారిపోవు, లోపల సున్నం పట్టదు. మన బోరు నీళ్ల సంగతి తెలిసినవాడు కాబట్టి ఆ రకం కొన్నాడు.

డిసెంబర్ వచ్చేసరికి పిల్లలు నీళ్లు వేడెక్కడం లేదని గొడవ. "మధ్యాహ్నం బాగానే కాలుతున్నాయి అబ్బీ, పొద్దున పదింటికి మాత్రం చల్లగానే ఉంటున్నాయి" అన్నాడు చిన్నాయన. అమ్మినవాళ్లు ఫోన్ ఎత్తడం మానేశారు. నాకు అసలు టెన్షన్ నీళ్ల గురించి కాదు. వేడినీళ్లు రాకపోతే పిల్లలు బకెట్లో హీటర్ రాడ్ పెట్టుకుంటారు. తడి బాత్రూంలో, పాత ప్లగ్గుతో. ఆ రాడ్లు ఎన్ని ప్రాణాలు తీశాయో మెకానిక్‌లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అందుకే ఆ వారమే నేనూ, మా షాపులో పనిచేసే బాషా మిద్దె ఎక్కాం.

హీట్ పైపు బాగుందో లేదో చూడ్డానికి మీటర్లేమీ అక్కర్లేదు. బయటికి తీసి, అడుగు కొసను వేడినీళ్ల బకెట్లో ముంచి, పైన తల మీద వేలు పెట్టాలి. మంచి పైపైతే నాలుగైదు క్షణాల్లో వేలు తీసేయాల్సిందే. చచ్చిన పైపైతే అడుగున పొగలు కక్కే నీళ్లున్నా పైన తల చల్లగానే ఉంటుంది. కొన్ని పైపులు అలా చల్లగానే ఉండిపోయాయి. ఇంకో పరీక్ష చెవితో చేసేది. పైపును నెమ్మదిగా అటూ ఇటూ ఒరిగిస్తే లోపలున్న కాసిని నీళ్లు కొసకు వెళ్లి తగులుతాయి. లోపల గాలి లేకపోతే ఆ తగలడం రాయి తగిలినట్టు 'టిక్కు'మని వినిపిస్తుంది. గాలో గ్యాసో చేరిందంటే అది అడ్డం పడి, నీళ్లు గలగలమంటాయే తప్ప టిక్కు రాదు. బాషా ఈ శబ్దం ఒకసారి విన్నాక పైపు ఊపడం, పక్కన పెట్టడం, అంతే. తల మీద వేలు పెట్టకుండానే మంచివీ చెడ్డవీ వేరు చేశాడు. చెడిపోయినవాటిలో కొన్నిటికి కొస అతుకు దగ్గర పచ్చటి మచ్చ కనిపించింది. అక్కడ సన్నటి లీకు.

ఇక్కడ పైపు పనిచేసే తీరు చెప్పాలి, లేకపోతే లోహం సంగతి అర్థం కాదు. పైపులో గాలంతా తీసేసి నాలుగైదు మిల్లీలీటర్ల నీళ్లు మాత్రం ఉంచి మూసేస్తారు. గాలి లేదు కాబట్టి నీళ్లు మరగడానికి 100 డిగ్రీలు అక్కర్లేదు. లోపలి ఒత్తిడి బయటి గాలి ఒత్తిడిలో ఇరవై నాలుగో వంతు ఉంటే 30 డిగ్రీలకే మరుగుతాయి. ఎండకు అడుగున నీళ్లు ఆవిరవుతాయి, ఆవిరి పైకి పరుగెత్తి చల్లటి తలలో మళ్లీ నీరవుతుంది, వేడిని అక్కడ వదిలి గోడ వెంట కిందికి జారుతుంది. ఒక గ్రాము నీళ్లు ఆవిరైతే దాదాపు 2,300 జౌళ్ల వేడి మోసుకెళ్తాయి. మంచి ఎండలో ఒక గొట్టం 60 వాట్ల వేడి పట్టిందనుకుంటే, నిమిషానికి ఒకటిన్నర గ్రాముల నీళ్లు ఆవిరై తిరిగొస్తే చాలు. మోటారు లేదు, వాల్వు లేదు, అరిగే భాగమే లేదు. ఇంత చక్కని ఏర్పాటు చెడగొట్టడానికి ఒక్కటే చాలు, అది చల్లబడినా నీరు కాని గ్యాస్. అలాంటి గ్యాస్ ఏ కొంచెం చేరినా ఆవిరి దాన్ని ముందుకు తోసుకుంటూ వెళ్లి తలలో కుక్కుతుంది. తల నిండా గ్యాసే ఉంటే ఆవిరికి చోటు లేదు, వేడి దిగే దారి లేదు.

చిన్నాయన చెప్పిన 'మధ్యాహ్నం కాలుతాయి, పొద్దున చల్లన' అన్న లక్షణం కూడా ఇదే. పొద్దున పైపు చల్లగా ఉన్నప్పుడు లోపలి ఒత్తిడి తక్కువ, గ్యాస్ ఉబ్బి తలంతా ఆక్రమిస్తుంది. మధ్యాహ్నం ఆవిరి ఒత్తిడి పెరిగి అదే గ్యాస్‌ను ఒక మూలకు నొక్కేస్తుంది, పైపు మళ్లీ పనిచేసినట్టు కనిపిస్తుంది. కాబట్టి ఎండాకాలం మధ్యాహ్నం పరీక్ష చేసి 'బాగుంది' అని సర్టిఫికెట్ ఇవ్వకూడదు.

కొత్త పైపులు చేద్దామనగానే చిన్నాయన అడిగింది, "రాగి ఏంటికి అబ్బీ? అల్యూమినియం పెట్టు. తూకం తక్కువ, రేటు తక్కువ." అడగడంలో తప్పు లేదు. ఒకే సైజు పైపుకు రాగి అల్యూమినియం కంటే మూడు రెట్లకు పైగా బరువు, కిలో రేటు కూడా ఎక్కువే. ఫ్రిజ్‌లో అల్యూమినియం పైపులు మేం రోజూ చూసేవే. పక్క షాపాయన స్టీలు పైపు పెట్టమన్నాడు, డెయిరీలకు వాడే 304 రకం, తుప్పు పట్టదు కదా అని. ఇనుప పైపైతే ఇంకా చవక. నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూడకుండా చిన్నాయనను ఒప్పించలేనని నాకు తెలుసు. అందుకే మూరెడు మూరెడు ముక్కలు నాలుగు చేశాం: అల్యూమినియం, ఇనుము, స్టీలు, రాగి. అన్నిటికీ ఒకే రకం వాల్వు, ఒకే నీళ్లు, ఒకే వాక్యూమ్ పంపు. ఒక డ్రమ్ములో థర్మోస్టాట్ పెట్టి నీళ్లు 80 డిగ్రీల దగ్గర ఉంచి, నాలుగింటి అడుగులూ అందులో నిలబెట్టాం. ఒకటి చల్లబడితే అది వాల్వు లీకేమో అన్న అనుమానం రాకుండా రాగి ముక్కే సాక్షి. అదే వాల్వుతో అది బాగుంటే తప్పు వాల్వుది కాదు.

మొదట్లో నాలుగూ టిక్కుమన్నాయి, నాలుగు తలలూ కాలాయి. ముందు ఓడిపోయింది అల్యూమినియం. తలపైన చల్లటి గీత ఒకటి మొదలై కిందికి దిగుతూ వచ్చింది. వేలితో తడిమితే ఎక్కడ వేడి ఆగి ఎక్కడ చలవ మొదలైందో ఖచ్చితంగా తెలుస్తుంది, మధ్యలో గోడ కట్టినట్టు. వాల్వుకు రబ్బరు గొట్టం తగిలించి, దాని కొసను నీళ్ల తొట్టిలో బోర్లించిన పరీక్షనాళిక కింద పెట్టి, ముక్క అడుగును ఇంకా వేడి చేసి, లోపలి ఒత్తిడి బయటి గాలిని మించాక తెరిచాం. ఆవిరి నీళ్లలో కరిగిపోయింది, బుడగలు మాత్రం పైకి చేరి నాళికలో నిలిచాయి. అగ్గిపుల్ల చూపిస్తే 'టప్'మంది. పదో తరగతిలో హైడ్రోజన్‌కు చేసిన పరీక్షే. ఇది చేసేవాళ్లు నాళిక చిన్నది తీసుకోవాలి, కళ్లద్దాలు పెట్టుకోవాలి. గ్యాస్ తీసేసి మళ్లీ వాక్యూమ్ పెట్టి చూశాం. మళ్లీ చేరింది. తర్వాత ముక్కను నిలువునా చీలిస్తే లోపల గోడంతా తెల్లటి జిగురు పొర.

ఎంత అల్యూమినియం కరిగితే ఇంత నష్టం అని లెక్క వేస్తే నాకే నమ్మబుద్ధి కాలేదు. 54 గ్రాముల అల్యూమినియం నీళ్లతో కలిస్తే 6 గ్రాముల హైడ్రోజన్ వస్తుంది, మామూలు ఒత్తిడిలో అది 67 లీటర్లు. అంటే మిల్లీగ్రాముకు 1.2 మిల్లీలీటర్లు. 60 డిగ్రీల దగ్గర పైపులో ఒత్తిడి బయటి గాలిలో అయిదో వంతే కాబట్టి ఆ గ్యాస్ అయిదు రెట్లు ఉబ్బుతుంది, వేడికి ఇంకొంచెం. ఏడెనిమిది మిల్లీలీటర్లవుతుంది. 14 మిల్లీమీటర్ల తలలో ఉండే జాగా దాదాపు అంతే. ఒక్క మిల్లీగ్రాము! పైపుకు చిల్లు పడనక్కర్లేదు, పలచబడనక్కర్లేదు. కంటికి తెలియని ఆ కాస్త కరగడంతోనే పని అయిపోతుంది. 'తుప్పు పట్టి బొక్క పడ్డానికి పదేళ్లు పడుతుందిలే' అనే ధీమా ఇక్కడ చెల్లదు. నీళ్ల ట్యాంకుకు ఆ లెక్క సరే, హీట్ పైపుకు కాదు.

ఇనుప ముక్క దాని వెనకే వెళ్లింది. తెరిస్తే వచ్చిన నీళ్లు నల్లగా ఉన్నాయి. ఎర్రటి తుప్పు కాదు, నల్లటి పొడి. పళ్లెంలో పోసి కింద అయస్కాంతం తిప్పితే పొడి దాని వెంట నడిచింది. గాలి లేని చోట వేడినీళ్లతో ఇనుము ఇలాగే మాగ్నెటైట్ (నల్లటి ఇనుప ఆక్సైడు) అవుతుంది, ఆ దారిలో హైడ్రోజన్ వదులుతుంది. చిన్నాయనకు నా లెక్కలన్నిటికంటే ఈ పళ్లెమే బాగా ఎక్కింది.

స్టీలు చాలా రోజులు నిలబడింది. అక్కడే దాంతో ప్రమాదం కూడా. అది పైకి గట్టిదే, క్రోమియం పొర దాన్ని కాపాడుతుంది, కానీ ఆ పొర ఏర్పడటానికీ నిలబడటానికీ నీళ్ల నుంచి ఆక్సిజన్ తీసుకుంటూనే ఉంటుంది, హైడ్రోజన్ మిగులుతూనే ఉంటుంది. కొన్ని వారాలకు టిక్కు శబ్దం మెత్తబడింది, తల కొసన వేలి వెడల్పు మేర చల్లబడింది. షాపులో పరీక్ష పాసై, గ్యారంటీ ఇచ్చేసి, కస్టమర్ మిద్దె మీద రెండో చలికాలానికి చచ్చే రకం ఇది. వేడిని మోయడంలోనూ స్టీలు బాగా వెనకబడింది. రాగి 400 అయితే 304 స్టీలు 16 దగ్గర ఉంటుంది, అల్యూమినియం 237. పలచటి గోడ కాబట్టి ఈ తేడా అంతగా కొంప ముంచదు, గ్యాసే అసలు శత్రువు.

రాగి ముక్క మాత్రం మొదటిరోజు ఎలా టిక్కుమందో అలాగే టిక్కుమంటూ ఉంది. కారణం బళ్లో చదివిన చర్యాశీలత శ్రేణిలోనే ఉంది. అల్యూమినియం, జింకు, ఇనుము హైడ్రోజన్‌కు పైన ఉంటాయి. అవి నీళ్ల నుంచి హైడ్రోజన్‌ను తోసేయగలవు. రాగి హైడ్రోజన్‌కు కింద ఉంది. ఆక్సిజన్ లేని శుద్ధమైన నీళ్లతో దానికి గొడవే లేదు. మీ ల్యాప్‌టాప్ విప్పితే ప్రాసెసర్ మీద కనిపించే చదునైన రాగి గొట్టం కూడా రాగి, నీళ్ల హీట్ పైపే. అలాగని అల్యూమినియం చెడ్డ లోహం అనడం లేదు. ఉపగ్రహాల్లో హీట్ పైపులు అల్యూమినియంతోనే చేస్తారు, కానీ లోపల పోసేది అమ్మోనియా. దాంతో అల్యూమినియానికి బాగా పొత్తు కుదురుతుంది, రాగికి కుదరదు. లోహాన్ని విడిగా మంచిదనో చెడ్డదనో అనలేం, లోపల ఏం పోస్తున్నామో దాన్నిబట్టి చెప్పాలి. 1963లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ హీట్ పైపును చేసి చూపినప్పటి నుంచీ ఈ రంగంలో ఎక్కువ శ్రమ ఈ జోడీలు కుదర్చడానికే పోయింది.

రాగి అని తేలాక పని తేలికవుతుందనుకుంటాం. రాగిలోనూ రకాలున్నాయి. కరెంటు పనికి వాడే మామూలు రాగిలో కొంచెం ఆక్సిజన్ కలిసి ఉంటుంది. దాన్ని గ్యాస్ మంటతో ఎర్రగా కాలిస్తే మంటలోని హైడ్రోజన్ లోపలికి దూరి, ఆ ఆక్సిజన్‌తో కలిసి ఆవిరై, రాగిని లోపల్నుంచే చిట్లగొడుతుంది. ఎర్తింగ్ కడ్డీ ముక్క కోసి కొసకు బిరడాగా పెడదామని బాషా అంటే అందుకే వద్దన్నాను. ఏసీలకు వాడే రాగి కాయిల్‌లో, అంటే చుట్టగా దొరికే పైపులో, భాస్వరం కలిపి ఆక్సిజన్‌ను ముందే తీసేస్తారు. అది అతుక్కి అనువైనది, మన షాపుల్లో దొరికేదీ అదే. బిరడా కూడా ఆ పైపు ముక్కనే నొక్కి చేశాం. ఇత్తడి బిరడాలు తయారుగా దొరుకుతాయి కానీ ఇత్తడిలో జింకు ఉంది, మళ్లీ అదే గోల.

అతుకు సీసం టంకంతో వద్దు. అది 183 డిగ్రీలకే కరిగిపోతుంది. హెడర్‌లో నీళ్లు లేకుండా ఎండలో వదిలేస్తే ఈ గాజు గొట్టాల లోపల వేడి 200 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు లోపలి ఆవిరి ఒత్తిడి బయటి గాలికి 15 రెట్లు. అంత ఒత్తిడికి టంకం అతుకు ఊడితే ఎదురుగా ఉన్న మనిషి గతి ఏమిటో ఆలోచించండి. రాగి, భాస్వరం కలిసిన బ్రేజింగ్ రాడ్‌తో అతికించాం. రాగికి రాగి అతికేటప్పుడు దానికి ఫ్లక్స్ (అతుకు పట్టడానికి పూసే మందు) అక్కర్లేదు, కాబట్టి ఫ్లక్స్ మురికి లోపల మిగలదు. అతికేటప్పుడు పైపులోంచి నైట్రోజన్ సన్నగా వదులుతూ ఉంటే లోపల నల్లటి పొట్టు పట్టదు. ఏసీ పనిలో చాలామంది బద్ధకించే చోటు ఇదే.

శుభ్రం చేయడంలో నేను ఎవరి మాటా వినలేదు. కాయిల్ లోపలి నూనెను అసిటోన్‌తో కడిగి, తర్వాత వేడినీళ్లలో నిమ్మఉప్పు కలిపి పోసి ఉంచాం. లోపల గులాబీ రంగు తేలాక డిస్టిల్డ్ వాటర్‌తో మళ్లీ మళ్లీ కడిగాం. మా అమ్మ రాగి బిందెకు వాడే చింతపండు ఇక్కడ పనికిరాదు, దాని పిప్పీ ఉప్పూ లోపల ఉండిపోతాయి. పోసే నీళ్లు కూడా డిస్టిల్డ్‌వే. మన అనంతపురం బోరు నీళ్లలో సున్నం, ఫ్లోరైడు, ఉప్పు అన్నీ ఉంటాయి, ఒక్క చుక్క కూడా పైపులోకి పోనివ్వకూడదు. డిస్టిల్డ్ నీళ్లను వాడే ముందు బాగా మరిగించాలి, ఎందుకంటే కరిగి ఉన్న గాలి పోకపోతే అదే పైపులో గ్యాసై కూర్చుంటుంది. కావాల్సినదానికంటే కొంచెం ఎక్కువ పోసి, పంపుతో గాలి లాగి, అడుగును వేడి చేసి ఆవిరిని కాసేపు బయటికి తోలనిచ్చి, అప్పుడు సన్నటి ముక్కును ప్లయర్‌తో నొక్కి కొసను అతికించేశాం. ఫ్రిజ్‌కు గ్యాస్ నింపి మూసే పద్ధతే. ఒక్కో పైపునూ ఊపి విని, బకెట్లో ముంచి, రెండు రోజులు పక్కన పెట్టి, మళ్లీ ఊపి విన్నాకే మిద్దె మీదికి పంపాను. టిక్కు రానివి కోసేసి మళ్లీ చేశాం.

బయటి లోహాల సంగతి ఇంకొకటి ఉంది. గాజు గొట్టంలో రాగి పైపును పట్టుకుని అల్యూమినియం రేకు ఉంటుంది. పొడిగా ఉన్నంతకాలం ఆ రెంటికీ ఇబ్బంది లేదు. మూత పగిలి వాన నీళ్లు దిగితే మాత్రం రేకు తెల్లగా బూడిద బారుతుంది. అందుకే ఎండిపోయి చీలిన మూతలన్నీ మార్చాం. అంతకంటే పెద్ద సమస్య హెడర్ దాటాక కనిపించింది. రాగి హెడర్ నుంచి వచ్చిన వేడినీళ్లు నేరుగా పాత జీఐ (జింకు పూత పూసిన ఇనుము) పైపులోకి పోతున్నాయి. నీళ్లలో కరిగిన రవ్వంత రాగి జీఐ లోపలి జింకు మీద కూర్చుని అక్కడక్కడ గుంటలు తవ్వుతుంది. వేడినీళ్లలో ఇంకా తొందరగా. బెండు దగ్గర విప్పి చూస్తే పైపు లోపల పొక్కులు పొక్కులుగా ఉంది. జీఐ ముందు, రాగి తర్వాత అయితే ఇంత బాధ లేదు, నీళ్లు పారే వరస ముఖ్యం.

చిన్నాయన దీనికి కూడా ఖర్చు లెక్క అడిగాడు. పళ్లెంలో నల్లపొడి చూసిన మనిషి కాబట్టి ఎక్కువసేపు వాదించలేదు. హెడర్ నుంచి బాత్రూముల దాకా వేడినీళ్లకు వాడే సీపీవీసీ ప్లాస్టిక్ పైపు వేశాం. మార్చిన పైపులు ఈ చలికాలం పొద్దునపూట కూడా వేడి ఇస్తున్నాయి. వేసవి సెలవుల్లో హాస్టల్ ఖాళీ అయ్యాక మిగిలిన పాతవాటిని కూడా ఒక్కొక్కటే తీసి ఊపి చూస్తాం. రాగి కాయిల్ ఇంకొకటి తెప్పించి షాపులో పెట్టాను.